హెడ్‌ఫోన్‌లో ఏం వినిపించేది? – సబ్‌మెరైన్ సోనార్ గదిపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా నాన్నగారు నౌకాదళంలో సబ్‌మెరైన్ సోనార్ (నీళ్లలో శబ్దాన్ని బట్టి ఓడలను పసిగట్టే పరికరం) ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన జ్ఞాపకాలు పిల్లల కోసం ఫోన్లో రికార్డు చేద్దామని కూర్చుంటే, "ఏముందమ్మా, చెవులకు పెట్టుకుని వినేవాళ్లం" అని ఊరుకుంటున్నారు. ఏం అడిగితే చెబుతారు?
– ఒక పాఠకురాలు, సైనిక్‌పురి

జవాబు: "అక్కడ ఎలా ఉండేది నాన్నా?" అని అడిగితే ఎవరైనా అంతే చెబుతారమ్మా. చప్పుడు పేరు పెట్టి అడగండి. సరుకు ఓడ ఎలా వినిపించేది, చేపల పడవ ఎలా వినిపించేది, నోటితో చేసి చూపించమనండి. పెద్ద ఓడది నింపాదిగా పడే బరువైన దెబ్బ, పడవ డీజిల్ ఇంజనుది గబగబా కొట్టుకునే చప్పుడు. తీరం దగ్గర వెచ్చని నీళ్లలో చిటికె రొయ్యలు గుంపుగా ఉంటే, పోపులో ఆవాలు చిటపటలాడినట్టు ఆగకుండా వినిపిస్తుంది. పైన వాన పడితే సన్నని 'స్‌స్' మొదలై మిగతా చప్పుళ్లను కప్పేస్తుంది. వీటిలో ఏది ఆయనను ఎక్కువ ఇబ్బంది పెట్టేదో అడగండి, మాట దానంతట అదే సాగుతుంది.

తర్వాత డ్యూటీ మారేటప్పుడు దిగిపోయేవారు వచ్చేవారికి ఏమేం అప్పజెప్పేవారో అడగండి. ఏ కోణంలో ఏ ఓడ ఉంది, ఎటు జరుగుతోంది, ఏది ఇంకా తేలలేదు – పనంతా ఆ నాలుగు ముక్కల్లో ఉంటుంది. సొంత సబ్‌మెరైన్ చప్పుళ్ల గురించీ అడగండి. పంపు తిరిగినా, వంటగదిలో గరిటె జారినా ముందు వాళ్ల చెవికే తగులుతుంది.

లోతులు, ఎంత దూరం వినగలిగేవారు, యంత్రాల ఫ్రీక్వెన్సీలు మాత్రం అడగవద్దు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం రిటైరైనవారికీ వర్తిస్తుంది. ఆయన ఆగిన చోట మీరూ ఆగిపోండి.

రికార్డింగుకు ఫ్యాన్, ఏసీ ఆపండి. బోరు మోటారు వేసే వేళ వద్దు. ఫోన్ను ఆయన నోటికి జానెడు దూరంలో, మడత పెట్టిన తువ్వాలు మీద పెట్టండి. బల్ల అదురు మైకులోకి రాదు. పూటకు అరగంట చాలు. వయసుతో ముందు సన్నని ధ్వనులే వినపడకుండా పోతాయి కాబట్టి స, ష లాంటి అక్షరాలు జారిపోతాయి. గట్టిగా అరవకుండా, బాగా వినపడే చెవి వైపు కూర్చుని నిదానంగా మాట్లాడండి. ఓడల చప్పుళ్ల రికార్డింగులు వినిపించాలనుకుంటే హెడ్‌ఫోన్ పెట్టండి. ఫోన్ స్పీకరు అంత చిన్నది ప్రొపెల్లర్ లోగొంతును పలికించలేదు, అది వింటే "ఇది కాదు" అనేస్తారు.

ప్రశ్న: ప్రొపెల్లర్‌కు ఎన్ని రెక్కలున్నాయో చెవితోనే చెప్పేవారట, నిజమేనా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: నిజమే. మీ గది ఫ్యాన్ నిమిషానికి 300 చుట్లు తిరుగుతోందనుకోండి, అంటే సెకనుకు 5. రెక్కలు 3 కనుక ఒకే చోటు మీదుగా సెకనుకు 15 రెక్కలు పోతాయి. ఓడదీ అదే లెక్క. నిమిషానికి 90 చుట్లు, 4 రెక్కలైతే సెకనుకు 6 దెబ్బలు. రెక్కలన్నీ అచ్చంగా ఒకేలా ఉండవు గనుక చుట్టుకోసారి ఒక దెబ్బ గట్టిగా పడుతుంది. స్టాప్‌వాచ్ పట్టుకుని 30 సెకన్లలో ఆ గట్టి దెబ్బలు లెక్కపెడితే 45 వస్తాయి. ఒక గట్టి దెబ్బను ఒకటిగా మొదలుపెట్టి, మరో గట్టి దెబ్బ పడేలోగా మొత్తం ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెడితే రెక్కల సంఖ్య తెలుస్తుంది, తాళం వేసినట్టే.

తప్పులూ ఇక్కడే. రెండు ప్రొపెల్లర్లు కాస్త తేడా వేగాల్లో తిరిగితే చప్పుడు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, కొత్తవాళ్లు దాన్నే చుట్టు అనుకుంటారు. చిన్న పడవల వేగానికి దెబ్బలు కలిసిపోయి చెవికి అందవు. యంత్రమైతే ఆ చప్పుడు హెచ్చుతగ్గులను విడదీసి తెర మీద 1.5 హెర్ట్జ్ దగ్గర ఒక గీత, 6 దగ్గర ఒక గీత చూపిస్తుంది. ఆరును ఒకటిన్నరతో భాగిస్తే నాలుగు రెక్కలు.

ప్రశ్న: మా ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం) సముద్రపు వేడి సమాచారం సేకరిస్తుందని విన్నాను. నీళ్ల వేడికీ సోనార్‌కూ ఏమిటి సంబంధం?
– ఒక పాఠకుడు, ప్రగతినగర్

జవాబు: అసలు సంబంధమంతా అక్కడే. పైన 29 డిగ్రీలున్న బంగాళాఖాతం నీళ్లలో శబ్దం సెకనుకు సుమారు 1540 మీటర్లు పోతుంది. 200 మీటర్ల లోతున వేడి 15 డిగ్రీలకు పడితే 1510కి తగ్గుతుంది. శబ్దం ఎప్పుడూ నెమ్మది నీళ్ల వైపే వంగుతుంది. అందుకే పైనున్న ఓడ పంపిన శబ్దం కిందికి వంగిపోయి, కొంత దూరం దాటాక దాని సోనార్‌కు అందని నీడ ఏర్పడుతుంది. వేడి చప్పున పడిపోయే ఆ పొరనే సిబ్బంది 'లేయర్' అంటారు. దాని కింద దాక్కోవచ్చు. కానీ పైనున్న ఓడ కూడా అంత బాగా వినపడదు. దాక్కోవాలా, వినాలా అన్న బేరం ప్రతి డ్యూటీలోనూ ఉంటుంది. నిజానికి హెడ్‌ఫోన్ కంటే ముందు చూడాల్సింది, లోతుతో పాటు వేడి ఎలా మారుతోందో చూపే గీతనే.

మన సముద్రానికి ఇంకో చిక్కుంది. వానాకాలం తర్వాత గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి తెచ్చిన మంచినీరు పైన పొరగా పరుచుకుంటుంది. వెయ్యికి ఒక పాలు ఉప్పు తగ్గితే వేగం సెకనుకు 1.3 మీటర్ల దాకా తగ్గుతుంది. చలికాలంలో ఉత్తర బంగాళాఖాతంలో ఆ పైపొర చల్లబడి, దాని కిందే వెచ్చగా ఉండే రోజులూ ఉంటాయి. అప్పుడు శబ్దం పైకి వంగి ఉపరితలం వెంట సాగుతుంది. నిన్నటి కొలత నేటికి పనికిరాదనేది అందుకే. ఇన్‌కాయిస్ వాడే ఆర్గో ఫ్లోట్లు (సముద్రంలో మునిగి తేలుతూ కొలిచే పరికరాలు) సుమారు పది రోజులకోసారి 2000 మీటర్ల లోతు నుంచి కొలుచుకుంటూ పైకొచ్చి ఉపగ్రహానికి లెక్కలు పంపుతాయి. సముద్రం మొత్తాన్ని అర్థం చేసుకోవడానికి అవి ఎంతో మేలు, కానీ సబ్‌మెరైన్ తానున్న చోట తాను కొలుచుకోక తప్పదు.

ప్రశ్న: చప్పుడు విని దూరం ఎలా చెబుతారు?
– మల్కాజిగిరి

జవాబు: పింగ్ కొట్టి, అంటే సోనార్ తానే ఒక చప్పుడు పంపి, ప్రతిధ్వని 4 సెకన్లకు వస్తే, రానూ పోనూ 6 కిలోమీటర్లు, అంటే 3 కిలోమీటర్ల దూరం. కానీ పింగ్ కొడితే తానెక్కడున్నదీ అందరికీ తెలుస్తుంది. ఊరికే వింటే కోణం మాత్రమే దొరుకుతుంది. అందుకని కొంతసేపు తిన్నగా పోయి, మలుపు తిరిగి, మళ్లీ తిన్నగా పోతూ కోణం మారే తీరు చూస్తారు. రెండు నడకల్లోని కోణాలకూ సరిపడే ఎదుటి ఓడ దారి ఒకటి తేలుతుంది, దాన్నిబట్టి దూరం తెలుస్తుంది. కోణం మారకుండా చప్పుడు మాత్రం పెరుగుతూ ఉంటే ఓడ మీదికే వస్తోందని అనుమానించాలి, వెంటనే కంట్రోల్ రూముకు చెప్పాలి.

ప్రశ్న: సబ్‌మెరైన్ లోపల చూసే వీలుందా?
– తార్నాక

జవాబు: విశాఖ ఆర్కే బీచ్‌లో ఉంది. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి 2001 ఫిబ్రవరిలో విరమించిన ఐఎన్‌ఎస్ కురుసుర, 91 మీటర్ల పొడవు, 2002 ఆగస్టు నుంచి ప్రదర్శనశాల. గదికీ గదికీ మధ్య గుండ్రటి ఇరుకు దారులు, వంగి కాలెత్తి దాటాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని తీసుకెళ్తే రద్దీ లేని వేళ వెళ్లండి, వెనక వచ్చేవారు తొందరపెట్టకుండా ఉంటారు.