సమాధానం: ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ పాత కార్టూన్ సీజన్ 3లో ఆప్టిమస్ ప్రైమ్ ఎందుకు లేడు?

మంచి రోబోల నాయకుడు ప్రైమ్ సీజన్ 3లో కనపడట్లేదు, ఎపిసోడ్లేమైనా మిస్ అయ్యాయా అని అడిగారు. మీ డిస్కుల్లో ఎపిసోడ్లేమీ మిస్ అవలేదండీ. సీజన్ 2 (49 ఎపిసోడ్లు) అయ్యాక నేరుగా సీజన్ 3 పెట్టేశారు, మధ్యలో 1986 సినిమా చూడాలి. ప్రైమ్ చనిపోయేది అందులోనే. నాయకత్వానికి గుర్తయిన శక్తి వస్తువు మ్యాట్రిక్స్, ప్రైమ్ నుంచి అల్ట్రా మాగ్నస్ అనే రోబో చేతికి వెళ్తుంది, చివర్లో హాట్ రాడ్ అనే కుర్ర రోబో దాన్ని తెరిచి కొత్త నాయకుడు రోడిమస్ ప్రైమ్ అవుతాడు. ప్రైమ్ పాత జట్టులోని ఐరన్‌హైడ్, రాట్చెట్, ప్రౌల్, బ్రాన్ సినిమా మొదట్లోనే అంతరిక్ష షటిల్‌లో చనిపోతారు.

కారణం కథ కాదు, బొమ్మల వ్యాపారం. 1984, 85 బొమ్మలు పక్కకి తప్పుకుని కొత్తవి రావాలి. అందుకే ఐరన్‌హైడ్ లాంటివాడు పోయినా మనకి కన్నీళ్లు పెట్టుకునే తీరిక ఇవ్వలేదు. నాకైతే అది దారుణం. ప్రైమ్‌కి మాత్రం పూర్తి సీన్ ఉంది: కళ్లలో వెలుగు ఆరిపోతుంది, ఒళ్లంతా బూడిదరంగులోకి మారుతుంది. పిల్లలు ఎంత గొడవ చేశారంటే, అదే బొమ్మల కంపెనీ మరో కార్టూన్ జి.ఐ. జో సినిమాలో హీరో డ్యూక్ చావును డైలాగు మార్చి కోమా చేసేశారు.

మీ అబ్బాయికి ఈ వరసలో చూపించండి: సీజన్ 2, సినిమా, ‘ఫైవ్ ఫేసెస్ ఆఫ్ డార్క్‌నెస్’ ఐదు భాగాలు, ఆ తర్వాత మిగతావి. ‘డార్క్ అవేకెనింగ్’ అనే ఎపిసోడ్ ముందు మీరు చూడండి, ప్రైమ్ అందులో నడిచే శవంలా వస్తాడు, చిన్నపిల్లలు జడుసుకుంటారు. ప్రైమ్ నిజంగా తిరిగొచ్చేది సీజన్ 3 చివరి రెండు భాగాల్లో.