వైకల్య శాతం తగ్గించి పింఛను ఆపితే అప్పీలు ఎలా చేయాలి?

మీ నాన్నగారికి చిన్ననాటి పోలియో ఉందని, పాత సదరం (ప్రభుత్వ వైకల్య నిర్ధారణ) ధ్రువపత్రంలో 50 దాటిన శాతం పునఃపరిశీలనలో 36కు పడిపోయిందని, గ్రామ/వార్డు సచివాలయం ద్వారా పింఛను రద్దు నోటీసు అందిందని రాశారు. అర్జీ రాసే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పింఛను పథకమైన ఎన్టీఆర్ భరోసా కింద నెలనెలా వచ్చే 6,000 రూపాయలు ఆగడానికి కారణం మెడికల్ బోర్డు వేసిన ఆ అంకె. పింఛనుకు కనీసం 40 శాతం ఉండాలి; ఆ అంకె 40కి చేరనంతవరకు ఎంపీడీవో గారికి ఎంత సానుభూతి ఉన్నా చేయగలిగింది తక్కువ. అందువల్ల ఇంటి కష్టాలు ఏకరువు పెట్టే అర్జీ కన్నా, లెక్క ఎక్కడ తప్పిందో చూపించే అర్జీయే పనిచేస్తుంది.

ఈ మాట మా తమ్ముడి అనుభవంతో చెబుతున్నాను. కొన్నేళ్ల క్రితం ధ్రువపత్రం పునరుద్ధరణకు వెళ్లినప్పుడు వాడికి 34 శాతమే వేశారు. పరీక్ష వివరాల కాగితం నకలు అడిగి తీసుకుని చూస్తే, కండరాల బలహీనతకు మార్కులు వేసి, కాలు పొట్టిదనానికి కేటాయించిన గడిని ఖాళీగా వదిలేశారు. అసలు ఆ రోజు ఎవరూ టేపు పట్టి కాళ్లు కొలవనే లేదు. అప్పుడు అమల్లో ఉన్న 2018 జనవరి 4 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం, పొట్టిదనంలో మొదటి అర అంగుళానికి ఏమీ ఇవ్వరు, ఆపైన ప్రతి అర అంగుళానికి 4 శాతం ఇస్తారు. వాడి కాలు రెండు అంగుళాలు పొట్టి కనుక 12 శాతం రావాలి. అయితే 34కు 12 నేరుగా కలపరు. రెండు లోపాలను కలిపే సూత్రం ప్రకారం, 90లోంచి 34 తీసేయగా మిగిలిన 56ను 12తో హెచ్చవేసి, 90తో భాగించి, వచ్చినదాన్ని 34కు కలుపుతారు. అలా చూసినా 41 దాటింది. ఎముకల డాక్టరు గారి కొలతల పత్రం, రెండు కాళ్ల పొడవు చూపే స్కానోగ్రామ్ ఎక్స్‌రే జతచేసి ఇదే లెక్కను అప్పీలులో రాశాం. మళ్లీ పరీక్షించి, కొలిచి, శాతం సరిచేశారు.

2024 మార్చిలో ఆ మార్గదర్శకాలను సవరించారు కాబట్టి మీ నాన్నగారి లెక్కను కొత్త ప్రతితోనే సరిచూసుకోండి. ధ్రువీకరణపై అప్పీలు చేసుకునే హక్కు 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్‌లోనే ఉంది. నోటీసులో చెప్పిన గడువు దాటకుండా ఎంపీడీవో కార్యాలయంలో, పట్టణమైతే మున్సిపల్ కమిషనరు కార్యాలయంలో అర్జీ ఇచ్చి, తేదీ వేసిన రసీదు తప్పక తీసుకోండి. పరీక్ష కాగితం నకలు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

మీ నాన్నగారికి 60 ఏళ్లు నిండి ఉంటే 4,000 రూపాయల వృద్ధాప్య పింఛనుకు మారుస్తామని చెప్పవచ్చు. ఇల్లు గడవాలి కనుక తీసుకోండి, కానీ అప్పీలు మాత్రం వదులుకోవద్దు. పింఛనుతో పాటు దివ్యాంగులకు ఉన్న ఇతర రాయితీలకు కూడా ఆ 40 శాతమే ఆధారం.

అప్పీలులోనూ న్యాయం జరగకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనరుకు ఫిర్యాదు చేయవచ్చు, హైకోర్టులో రిట్ వేయవచ్చు. వకీలు ఖర్చుకు భయపడి ఆగిపోకండి. 1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి; పాత ధ్రువపత్రం, కొత్త నోటీసు రెండూ పట్టుకుని జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్లండి.