హార్నర్ ప్లాట్‌లో రెండు సరళరేఖలు కనిపిస్తే ఏ వాలు తీసుకోవాలి?

బిల్డప్ టెస్ట్ (బావిని మూసి ప్రెజర్ ఎలా పెరుగుతుందో కొలిచే పరీక్ష) డేటాకు హార్నర్ ప్లాట్ (ఆ ప్రెజర్‌ను కాల నిష్పత్తి లాగరిథమ్ మీద వేసే గ్రాఫ్) గీస్తే రెండు చోట్ల తిన్నటి గీత వస్తోందని, పర్మియబిలిటీకి (రాతిపొర ద్రవాన్ని ఎంత తేలిగ్గా పారనిస్తుందో చెప్పే కొలత) ఏది వాడాలని అడిగారు. సరిగ్గా ఇక్కడే నేనూ ఒకసారి బోర్లా పడ్డాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, గోదావరి జిల్లాల్లో ఒక చమురు బావి. లెక్క తేలిగ్గా అర్థమవడానికి అంకెలు గుండ్రం చేసి చెబుతాను. ఉత్పత్తి రోజుకు 400 బ్యారెళ్లు, ఫార్మేషన్ వాల్యూమ్ ఫ్యాక్టర్ (పొరలో చమురు పరిమాణానికి, పైకి వచ్చాక పరిమాణానికి ఉండే నిష్పత్తి) 1.25, స్నిగ్ధత 0.8 సెంటీపాయిజ్, పొర మందం 30 అడుగులు. ముందు వచ్చిన గీత మీదే పాయింట్లు ఎక్కువున్నాయని దానికే స్కేలు పెట్టాను. వాలు లాగ్ సైకిల్‌కి (పది రెట్ల మార్పుకు) 240 పీఎస్ఐ. 162.6 (యూనిట్లు కలిపే స్థిరాంకం) × 400 × 1.25 × 0.8ని 240 × 30తో భాగిస్తే పర్మియబిలిటీ 9 మిల్లీడార్సీలు. స్కిన్ (బావి చుట్టూ రాయి ఎంత దెబ్బతిందో చెప్పే అంకె, మైనస్ అయితే మామూలు కంటే మెరుగు) మైనస్ 3. పొర నాసిరకం, బావి మాత్రం భేషుగ్గా ఉందని రిపోర్టు రాసేశాను.

మా సీనియర్ ఒక్కటే అడిగారు: "ఈ బావికి యాసిడ్ జాబ్ ఎప్పుడు చేశారు?" యాసిడ్ పోసి బావి చుట్టూ రాయిని శుభ్రం చేయలేదు. ప్రెజర్‌తో రాయిని పగలగొట్టే ఫ్రాక్చరింగూ లేదు. మరి నెగటివ్ స్కిన్ ఎక్కడిది? నా దగ్గర సమాధానం లేదు.

ఆయన అదే డేటాను లాగ్-లాగ్ పేపర్ మీద వేయించారు: ప్రెజర్ మార్పు, దానితోపాటు 1983లో బౌర్డే బృందం ప్రతిపాదించిన డెరివేటివ్ (కాలపు లాగరిథమ్‌తో ప్రెజర్ ఎంత వేగంగా మారుతోందో చెప్పే గీత). మొదట్లో రెండూ కలిసిపోయి 45 డిగ్రీల గీత మీద నడిచాయి. అది వెల్‌బోర్ స్టోరేజ్. అంటే పైన వాల్వు మూసినా, బావిలోకి కింద నుంచి ద్రవం ఇంకా వస్తూనే ఉందన్నమాట. తర్వాత డెరివేటివ్ ఎద్దు మూపురంలా లేచి, దిగి, 17.4 పీఎస్ఐ దగ్గర చదునైంది. రేడియల్ ఫ్లో (పొరలో అన్ని వైపుల నుంచీ ద్రవం బావి వైపు పారే దశ) ఆ చదునులోనే ఉంది. 17.4ని 2.303తో (సహజ లాగరిథమ్ నుంచి పది ఆధారానికి మార్చే అంకె) గుణిస్తే 40. అదే హార్నర్ అసలు వాలు. దానితో పర్మియబిలిటీ 54 మిల్లీడార్సీలు, స్కిన్ ప్లస్ 6. పొర బంగారంలా ఉంది, దెబ్బతిన్నది బావి చుట్టూ ఉన్న భాగమే!

నేను గీత గీసింది మూపురం మీద. ఇందులో ఒక తిరకాసుంది. మిగతావి మారకుండా స్కిన్ ఎంత ఎక్కువైతే మూపురం అంత ఎత్తుగా లేస్తుంది. కాబట్టి యాసిడ్ అవసరం ఎక్కువున్న బావే, తప్పు గీతలో అసలు అవసరమే లేనట్టు కనిపిస్తుంది.

అందుకే ముందు డెరివేటివ్ చూడండి, చదును దొరికిన కాల వ్యవధిలోనే హార్నర్ గీత గీయండి. చేత్తో చేసే రోజుల్లో 45 డిగ్రీల గీత ముగిశాక ఒకటిన్నర లాగ్ సైకిళ్లు ఆగేవాళ్లం. డెరివేటివ్ ఎగుడుదిగుళ్లను సాఫీ చేసే స్మూతింగ్ మరీ పెంచకండి, లేని చదును పుట్టుకొస్తుంది. స్మూతింగ్ విలువ 0.1 నుంచి మొదలుపెట్టి, 0.3 దాటాల్సి వస్తే డేటానే అనుమానించండి. చదునే రాకపోతే టెస్ట్ చాల్లేదని రాయండి, బలవంతంగా అంకె ఇవ్వకండి. గ్యాస్ బావి అయితే ప్రెజర్ బదులు సూడో-ప్రెజర్ (ప్రెజర్‌తో గ్యాస్ గుణాలు మారడాన్ని లెక్కలోకి తీసుకునే కొలత) వాడాలి.

మీ రెండో వాలు మొదటిదానికి సుమారు రెట్టింపు ఉంటే మాత్రం కథ వేరు. అప్పుడు మొదటిదే రేడియల్ ఫ్లో అయ్యి, రెండోది దగ్గర్లోని ఫాల్ట్ (రాతిపొరలు విరిగి జరిగిన చోటు) వల్ల వచ్చి ఉండొచ్చు. రెండు వాలులూ, బావిని ఎన్ని గంటలు మూశారో రాయండి, చూసి చెబుతాను.