ఏఎన్ఏ పాజిటివ్ వస్తే లూపస్ ఉన్నట్టేనా?

అమలాపురంలో ఉంటున్న మీ వదినగారికి ఏఎన్ఏ (యాంటీ న్యూక్లియర్ యాంటీబాడీ) రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది, లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడిచేసే జబ్బు) ఖాయమేనా అని అడిగారు. ఖాయం కాదండి. లూపస్ ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ ఇది పాజిటివ్ వస్తుంది కానీ, ఏ జబ్బూ లేనివాళ్లలోనూ కొందరికి వస్తుంది.

ఏఎన్ఏ అంటే, రోగనిరోధక వ్యవస్థ సొంత కణాల కేంద్రకంలోని డీఎన్ఏ, ప్రోటీన్ల మీదే తయారుచేసే యాంటీబాడీలివి. వీటిలో యాంటీ డీఎస్ డీఎన్ఏ, యాంటీ స్మిత్ అనే రకాలు కనబడితే లూపస్ అనుమానం బలపడుతుంది. నాకు ఎక్కువ భయం మొదటిదంటేనే. అది డీఎన్ఏతో జతకట్టి కిడ్నీ వడపోత భాగాల్లో పేరుకుని వాటిని దెబ్బతీస్తుంది, నొప్పి కూడా తెలియదు. మూత్రం నురగగా పోతున్నా, పొద్దున్నే కళ్ల చుట్టూ ఉబ్బినా మూత్రంలో ప్రోటీన్ పరీక్ష వాయిదా వెయ్యకండి.

లూపస్ అని తేలితే ఎండలో ఊడ్పులకి వెళ్లనివ్వకండి. ఎండ తాకిడికి చర్మకణాలు చితికి కేంద్రకపు పదార్థం బయటపడి జబ్బు తిరగబెడుతుంది. కాకినాడో రాజమండ్రో తీసుకెళ్లి రుమటాలజిస్టుకి (కీళ్లు, ఇలాంటి రోగనిరోధక జబ్బుల డాక్టరుకి) చూపించండి.