కోయిలకు ఉగాదితో పని లేదు
పెరటి పిట్టలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా ఇంటి వెనక మామిడి చెట్లున్నాయి. 2023లో ఉగాదికి పన్నెండు రోజుల ముందు కోయిల మొదటి కూత విన్నాం. 2024లో ఏకంగా నెల రోజుల ముందే కూసింది. ఒక్క ఏడాదిలో ఇంత తేడానా? రుతువులు తప్పాయంటారా?
(ఒక పాఠకురాలు, పర్లాకిమిడి)

జవాబు: కదిలింది కోయిల కాదండి, ఉగాది. 2023లో ఉగాది మార్చి 22న వచ్చింది. ఆ ఏడాది అధిక శ్రావణం పడడంతో 2024లో ఏప్రిల్ 9కి జరిగింది. వెనక్కి లెక్కేసుకోండి: మీ కోయిల రెండేళ్లూ మార్చి 10నే కూసింది!

పిట్టల గొంతు విప్పించేది పగటి పొద్దు. పొద్దు పెరిగేకొద్దీ వాటి ఒంట్లో జత కట్టే కాలపు మార్పులు మొదలవుతాయి. అది సూర్యుడి లెక్క కాబట్టి తిథులకు కుదరదు. ఇంగ్లీషు తేదీ రాయండి, పక్కన కార్తె కూడా రాయండి. కార్తెలు సూర్యుణ్ణి బట్టి నడిచేవే. ఏటా ఒకట్రెండు రోజుల తేడాతో అదే తేదీకి వస్తాయి. ఒక్కోటి పదమూడు, పద్నాలుగు రోజులు కనుక పిట్టల రాకపోకలు పోల్చడానికి నెల కన్నా నయం. మీ పక్కింటి ఒడియావాళ్ల పణా సంక్రాంతి, రజ సంక్రాంతి కూడా సౌరమానం పండగలే. ఒకటి ఏప్రిల్ నడిమికి, రెండోది జూన్ నడిమికి తప్పకుండా వస్తాయి. గుర్తుగా అవీ పనికొస్తాయి.

నోట్‌బుక్కులో రోజుకొక వరుస చాలు: తేదీ, కార్తె, ఎంతసేపు విన్నారు, మబ్బా ఎండా, ఏ పిట్ట, కూతా పాటా గూడా. ఒకే కిటికీ దగ్గర పావుగంట కూర్చోండి. గడియారంలో ఒక టైము పెట్టుకుంటే మాత్రం లెక్క చెడుతుంది. మీ ఊళ్లో జూన్‌లో ఐదుంబావు దాటగానే సూర్యోదయం, జనవరిలో ఆరున్నర. రోజూ ఆరున్నరకే కూర్చుంటే జూన్‌లో తెల్లవారి పాటంతా అయిపోయాక వెళ్లినట్టు. సూర్యోదయం అయిన అరగంటలోపు అని పెట్టుకోండి.

అందరూ వదిలేసేది ఒకటుంది: ఏమీ వినబడని రోజు. ఆ రోజు ‘వినలేదు’ అని రాయాలి. అలా రాయకపోతే మార్చి 10 కోయిల మొదలెట్టిన రోజో, మీరు చెవి పెట్టిన రోజో తర్వాత తేలదు. చలికాలంలో కోయిల ఊరు వదిలిపోదు, నోరు మూసుకుని ఆకుల్లో ఉంటుంది, అంతే. గోధుమరంగు ఒంటి మీద తెల్ల చుక్కలున్నది ఆడది. అది ‘కూ’ అనదు, ‘కిక్ కిక్’మంటుంది. దాన్ని వేరే వరుసలో రాయండి. కాకి పుల్లలు ఏరడం మొదలెట్టిన రోజు కూడా రాస్తే ఇంకా మంచిది, కోయిల గుడ్లు పెట్టేది ఆ గూట్లోనే కదా.

మొదటి కూతతో పాటు సెప్టెంబరు, అక్టోబరుల్లో తోక ఊపుకుంటూ నేల మీద తిరిగే వలస జిట్టంగులను, తొలకరి ముందు వచ్చే చాతకాన్ని రాసుకోండి. మూడేళ్ల తేదీలు చూసి రుతువు మారిందని తీర్పు చెప్పెయ్యకండి, పదేళ్లవైతే మాట్లాడుకోవచ్చు.

ప్రశ్న: డాబా మీద ప్లాస్టిక్ బేసిన్‌లో నీళ్లు పెడుతున్నాను. కాకులు తప్ప ఏవీ రావడం లేదు.
(ఒక పాఠకుడు, బరంపురం)

జవాబు: బేసిన్ లోతు, నున్నటి అంచు, మిట్టమధ్యాహ్నానికి కాగిపోయే నీళ్లు: మూడూ చిన్న పిట్టలకు పనికిరావు. అడుగు వెడల్పున్న మట్టి మూకుడు తీసుకోండి. నీళ్లు నడిమధ్య రెండు అంగుళాలు, అంచున అర అంగుళం మించకూడదు. లోతెక్కువైతే గరుకు రాయి ఒకటి వెయ్యండి. నీడలో, పొదకు ఐదారు అడుగుల దూరంలో పెట్టండి. మరీ దగ్గరైతే పిల్లి పొంచి ఉంటుంది, మరీ దూరమైతే పిట్టకు దాక్కునే చోటుండదు. పైన నీళ్ల సీసాకు సన్నటి బెజ్జం పెట్టి బొట్టు బొట్టుగా పడేలా కట్టండి. నిలవ నీళ్ల కన్నా చుక్క పడుతున్న నీళ్లను పిట్టలు త్వరగా పసిగడతాయి.

నీళ్లు రోజూ మార్చాలి. వారం నిలవుంటే దోమలు పుట్టుకొస్తాయి. మూడు రోజులకోసారి కొబ్బరి పీచుతో తోమండి, సబ్బు వద్దు.

ప్రశ్న: నలుపూ తెలుపూ పిట్ట ఒకటి తోక పైకెత్తి మా బండి అద్దాన్ని రోజూ పొడుస్తోంది. అపశకునమా?
(గుణుపురం)

జవాబు: శకునం కాదు, పోట్లాట. అది పెద్ద నల్లంచి మగది. గూడు కట్టే రోజుల్లో, అంటే మార్చి నుంచి జూలై దాకా, అద్దంలో కనిపించే పిట్టను తన జాగాలోకి వచ్చిన ఇంకో మగది అనుకుంటుంది. బండి ఆపగానే రెండద్దాలకూ గుడ్డ సంచీ తొడగండి. కిటికీ అద్దమైతే లోపల కర్టెన్ వేసి లాభం లేదు, నీడ ఇంకా బాగా కనబడుతుంది. బయటి వైపు సబ్బు పూయండి.

ప్రశ్న: పిచ్చుకల పెట్టె కడితే గోరింక దూరింది.
(రాయగడ)

జవాబు: బెజ్జం పెద్దదై ఉంటుంది. 32 మిల్లీమీటర్లకు మించకూడదు. అడుగు భాగం 15 సెంటీమీటర్ల చదరం, బెజ్జం అడుగు నుంచి 15 సెంటీమీటర్ల పైన. బెజ్జం కింద నిలబడే పుల్ల పెట్టకండి, కాకికి అది మెట్టవుతుంది. లోపల రంగు వెయ్యొద్దు. పదడుగుల ఎత్తున, పడమటెండ తగలకుండా, ఫ్యాను దరిదాపుల్లో లేకుండా బిగించండి. పిచ్చుకలు గుంపుగా ఉండడం ఇష్టపడతాయి గనుక రెండు మూడు పెట్టెలు కట్టండి. నూకలు, చోళ్లు చల్లితే పెద్దవాటికి సరిపోతుంది గానీ పిల్లలకు పురుగులే పెడతాయి. చిక్కుడు పాదుకు మందు కొట్టి పెట్టె కడితే ఫలితముండదు.

ప్రశ్న: నల్లగా మెరిసే తేనెపిట్ట వానలు వెనకబట్టాక కనబడడం లేదు. పసుప్పచ్చది మాత్రం వస్తోంది.
(జయపురం)

జవాబు: అదే ఇది అయ్యుండొచ్చు. ఊదా తేనెపిట్టలో మగది పిల్లల కాలం ముగిశాక ఆ మెరుపు ఈకలు రాల్చి ఆడదానిలా పసుపుగా మారుతుంది. గొంతు నుంచి పొట్ట దాకా నల్లటి చార కనిపిస్తే మగదే, అది లేకపోతే ఆడది. మోదుగలు పూసే వేళకు మళ్లీ నల్లబడుతుంది.