డీజిల్ పికప్ బండి లోడుతో నిజంగా లీటరుకు ఎంత మైలేజీ ఇస్తుంది?

టన్నున్నర మోసే డీజిల్ పికప్ నిండు లోడుతో హైవే మీద లీటరుకు 11, 12 కిలోమీటర్లు, ఖాళీగా 15 దాకా ఇస్తే బండి బాగున్నట్టే. కంపెనీ చెప్పే అంకె నిర్ణీత పరీక్షలో తీసింది. రోడ్డెక్కితే బరువు, వేగం, గాలి అన్నీ వేరు. ముఖ్యంగా గాలి. వేగం 60 నుంచి 80కి పెంచితే గాలి అడ్డు దాదాపు 1.8 రెట్లవుతుంది. నిమ్మకాయల బస్తాలు క్యాబిన్‌ని మించి ఎత్తుగా వేస్తే ఇంకా ఎక్కువ. టౌన్లో మాత్రం బరువే తినేస్తుంది: ఆగిన ప్రతిసారీ అంత బరువునీ మళ్లీ కదిలించాలి.

నెల్లూరు నుంచి ఒంగోలు సుమారు 120 కిలోమీటర్లు. లోడుతో 12 చొప్పున పోను 10 లీటర్లు, ఖాళీగా 15 చొప్పున రాను 8. మొత్తం 18 లీటర్లకు 240 కిలోమీటర్లు, అంటే సగటు 13 పైచిలుకు. కిరాయి మాట్లాడేటప్పుడు 15 లెక్కేస్తే తేడా చేతినుంచి పడుతుంది.

చాలామంది పొరబడేది న్యూట్రల్ దగ్గర. దోర్నాల ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్లో వదిలితే డీజిల్ మిగులుతుందనుకుంటారు. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో (డీజిల్ ఎంత పోవాలో కంప్యూటరే చూసుకునేవి) గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలితే డీజిల్ దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్లో అయితే ఇంజన్ తిరగడానికి తాగుతూనే ఉంటుంది. పైగా భారమంతా బ్రేకుల మీదే.