జాబితా కాలవగట్టు నుంచి మొదలుపెట్టు

చి. శౌరికి,

యేసు మరియ జోజప్పల దీవెనలు. తుఫాను సాయం పనులు నిన్నే చూడమన్నారట మీ విచారణ (మీ గుడి పరిధి) ఫాదరుగారు. మీ అమ్మ ఫోన్లో మురిసిపోతూ చెప్పింది. నాకూ సంతోషమే, కాస్త బెరుకు కూడా. జాబితాలు కంప్యూటర్లో కొట్టడం నీకు నేను చెప్పక్కర్లేదు. ఏ ఇంటి దగ్గర మొదలుపెట్టాలో మాత్రం చెప్తాను. అది నేను తప్పు చేసి నేర్చుకున్నది.

1977 నవంబరు 19, శనివారం. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మర్నాడు క్రీస్తురాజు పండుగ. గుడిలో రంగుకాగితాల తోరణాలు అంటించి, చేతికంటిన మైదా జిగురు కడుక్కుంటుంటే గాలి తిరిగింది. ఆ రాత్రి ఉప్పెనకి దివిసీమ ఏమైందో నీకు తెలుసు. సర్కారు లెక్కే పదివేల దాకా పోయారంది. మాది కొంచెం ఎగువ కాబట్టి బతికాం. వారం తిరక్కుండా సాయం లారీ ఎక్కి నాగాయలంక వైపు వెళ్లాను. రోడ్డు ఎక్కడ తెగిందో లారీ అక్కడ ఆగింది. లారీ ఆగిన చోటే మూడు రోజులు పంచాం. వచ్చినవాడికి వచ్చినంత. కండలున్నవాడు రెండుసార్లు వచ్చాడు.

నాలుగో రోజు గట్టు మీద నడుచుకుంటూ పోతే, పాయ పక్కన ఏడెనిమిది గుడిసెలు ఉండాల్సిన చోట ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. బియ్యం మూట దించాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు. "వండుకోను చట్టేదీ నాయనా? ఎండు పుల్లేదీ? బావి చూడు, ఉప్పురిసింది" అంది. మా లారీలో అప్పటికి మిగిలినవి ఎవరో దూరదేశం నుంచి పంపిన ఉన్ని కోట్లు. ఎండకి కమురు వాసన కొడుతున్నాయి.

అందుకని జాబితా గుడి గుమ్మం దగ్గర కూర్చుని రాయకు. కాలవగట్టు మీద చివరి పాక నుంచి మొదలుపెట్టి గుడి వైపు నడుచుకుంటూ రా. చేపల చెరువుల కాపలా కుటుంబాలు, గట్టున ఉండే యానాదులు, ఇటుక బట్టీకి వచ్చిన ఒడిశా వాళ్లు, వీళ్ల పేర్లు మన విచారణ పుస్తకంలో ఉండవు. గుడికి వస్తారా రారా అని అడగొద్దు. సంచి మీద శిలువ గుర్తు వద్దు, ఫొటోలు అసలే వద్దు. రామాలయం అరుగు మీద పెట్టి పంచినా దేవుడేమీ అనుకోడు. విన్సెంట్ డీ పాల్ సభవాళ్లు 1833లో పారిస్‌లో మొదలైనప్పటి నుంచి పేదవాడి ఇంటికి తామే వెళ్తారు, తమ దగ్గరికి రమ్మనరు. మన సభ్యులకి అది గుర్తు చెయ్యి. కొందరికి ఈమధ్య కుర్చీ అలవాటైంది.

మొన్న 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు నేను విజయవాడ సింగ్‌నగర్‌లో పాప వాళ్లింట్లో ఉన్నాను. పడవలు మెయిన్‌రోడ్డు మేడల దగ్గరే తిరిగాయి. లోపలి సందుల్లోకి రెండో రోజు చీకటి పడ్డాక గానీ మంచినీళ్లు రాలేదు. నలభై ఏడేళ్లు గడిచినా లారీ ఆగే చోటు మారలేదన్నమాట.

ఇంకో సంగతి, పేర్లు. మన పేటలో చాలామందికి రెండు పేర్లు. గుడి పుస్తకంలో మరియమ్మ, రేషన్ కార్డులో ఇంకోటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో ఎస్సీ హోదాని మతానికి ముడిపెట్టారు. తర్వాత సిక్కులకీ బౌద్ధులకీ సడలించారు, మనకి సడలించలేదు. అందుకని పొట్ట కోసం కొందరు రెండు పేర్లతో బతుకుతారు. గ్రామ సచివాలయానికి ఇచ్చే కాగితంలో రేషన్ కార్డు మీదున్న పేరే రాయి. జ్ఞానస్నానం పేరు పక్కన కూడా రాయకు, మైకులో పిలవకు. నువ్వు భక్తితో రాసిన ఒక్క పేరు వాళ్ల పిల్లవాడి కుల సర్టిఫికెట్‌కి ఎసరు పెట్టగలదు.

ఇప్పుడు అసలు కష్టమైన పనికి వస్తాను. బియ్యం పంచడం పదిరోజుల పని. తర్వాత పంట నష్టం రాసుకోవడానికి వస్తారు, అక్కడ కౌలురైతు జారిపోతాడు. చేలో పడిపోయిన వరి వాడిది, అప్పు వాడిది, వడ్డీ వాడిది. పంట పోయినందుకు సర్కారిచ్చే పెట్టుబడి రాయితీ మాత్రం పాసుపుస్తకం ఉన్న ఆసామి ఖాతాలో పడుతుంది. కౌలు కార్డు ఉంటే వాడికి దారి ఉంటుంది. ఆ కార్డుకి ఆసామి సంతకం కావాలి. ఆ ఆసామి ఎవరనుకున్నావు? చాలాసార్లు మన గుడికి తలుపులు చేయించినవాడే. నీ సాయానికి ముందుగా పాతిక బస్తాలు పంపేదీ ఆయనే.

నేను చేసిన పని చెప్తాను, ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఒక తుఫానప్పుడు అలాంటి పెద్దమనిషి దగ్గర బస్తాలు తీసుకున్నాను, పూజలో ఆయన పేరు చదివించాను. ఆయన పొలం చేసేవాడు మా పాటల బృందంలో డోలక్ వాయించేవాడు. సంతకం పెట్టించమని నా దగ్గరికి రెండుసార్లు వచ్చాడు. బస్తాలు ఆగిపోతాయేమోనని నోరు మెదపలేదు. ఆ సంక్రాంతికి వాడు ఇల్లు తాళం వేసి హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌గా చేరాడు. డోలక్ ఇప్పటికీ గుడి బీరువా మీదే ఉంది. తోలు సడలిపోయింది.

నువ్వలా చెయ్యకు. బస్తాలు తీసుకో, కాదనొద్దు. సంతకం మాట కూడా ఆ రోజే ఎత్తు, తర్వాత ఎత్తలేవు. కాఫీ ఇస్తారు, తాగు. "కార్డు ఇస్తే పొలం పోతుందిరా" అంటారు. 2019 చట్టం ప్రకారం అది 11 నెలలకే, యాజమాన్య హక్కుని అది ముట్టుకోదు. తెలుగులో అచ్చేసిన కాగితం జేబులో పెట్టుకెళ్లి చదివి వినిపించు. "నోటిమాట మీద వాడే ఒప్పుకున్నాడుగా" అని కూడా అంటారు. 1891లో 13వ లియో పోపుగారు దీనికి జవాబు రాసేశారు. గతిలేకో భయపడో మనిషి ఒప్పుకున్నంత మాత్రాన అది న్యాయం అయిపోదన్నారు. ఆయన రాసింది కూలి గురించి, కౌలుకీ అదే లెక్క. 2025లో ఇప్పటి పోపుగారు 14వ లియో అని పేరు పెట్టుకున్నది ఆయన్ని తలుచుకునే. ఇది ఫాదరుగారి చేత చెప్పించు. నీ నోటి నుంచి వస్తే కుర్రతనం అంటారు.

నష్టం జాబితా రైతు సేవా కేంద్రంలో అంటించినప్పుడు నువ్వే వెళ్లి చదువు, చదువురానివాళ్లని వెంటబెట్టుకెళ్లు. అభ్యంతరం చెప్పడానికి ఇచ్చే గడువు కొద్దిరోజులే. పూజకి ఆలస్యమైనా ఫరవాలేదు గానీ దానికి ఆలస్యం కావద్దు. (గుడిలో ఉపదేశం నేర్పే ఉపదేశి ఇలా రాయొచ్చా అని మీ అమ్మ నన్ను అంటుంది. ఈ ముక్క చూపించకు.)

గుడిలో బురద తీయడానికి పేట ఆడవాళ్లని పిలుస్తారు, ఎప్పుడూ పిలుస్తారు. సేవ అంటారు. తుఫాను వెళ్లిన వారం వాళ్లకి పొలం పనులుండవు. ఆ పూట కూలి ఇప్పించు, సాయంత్రానికల్లా చేతిలో పెట్టు. సేవ చేయాలనుంటే కమిటీ వాళ్లు పార పట్టుకోవచ్చు.

గొడుగు గుడ్డ, రెండు టార్చిలైట్లు, నా పాత రబ్బరు బూట్లు కండక్టరుకిచ్చి పంపిస్తున్నాను. బూట్లు నీకు కాస్త బిగుతేమో. ఇక ఆ పెద్దాయన ఇంటికి ఒక్కడివే వెళ్లకు. ఆదివారం పదిన్నర బస్సుకి నేనూ వస్తున్నాను.

మీ
అంతోని మామయ్య